మగ్గం నేర్పిన ఇంగ్లీషు

ఇంగ్లీషు దొరలు దేశం విడిచి ఎప్పుడో పోయినా, వాళ్ల మాటలు మాత్రం వరంగల్ కొత్తవాడలో మా కొంప మీదే కూర్చున్నాయి. మా అన్న మార్కండేయులు పదో తరగతిలో అన్నీ పాసై, ఒక్క ఇంగ్లీషులోనే తప్పుతూ వచ్చాడు. జరిగిపోయిన పని చెప్పమంటే ప్రతి మాటకూ 'డ్' తగిలించేవాడు. గోడ్, టేక్‌డ్, రైట్‌డ్. అందులో తప్పేముంది చెప్పండి? అన్నిటికీ ఒకే తీరు పెట్టుకోవడం ఆ దొరలకు చేతకాలేదు, వాళ్ల నోరు పడిపోను!

ఎనభై మూడు మార్చి పరీక్ష అన్నకు ఆఖరుది. పాసైతే బస్సు కండక్టరు నౌకరీకి దరఖాస్తు పెట్టొచ్చు. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. తప్పితే బొంబాయి దగ్గరి భివండి పోవాలి, అక్కడి మరమగ్గాల మీద పనికి. మా బాపు రాజలింగు అక్కడికే పోయి, దూది దుమ్ము మింగి, దగ్గుతో తిరిగొచ్చి మా కళ్ల ముందే కన్నుమూశాడు. అప్పటినుంచీ భివండి పేరెత్తితే మమ్మల్ని కన్న అవ్వ రాజవ్వ చెవులు మూసుకునేది.

పుస్తకం ముందేసుకుని కూర్చునే తీరిక అన్నకెక్కడిది? గుంటమగ్గంలో కాళ్లు దించితే పొద్దుగూకేదాకా అంతే. పక్కన నూలు కండెలు చుడుతూ నేనే పుస్తకం చూసి చెప్పేదాన్ని. ఒకరోజు ఉపాయం అన్నకే తట్టింది. కాలితో తొక్కుతూ 'టేక్', అడ్డపోగు తీసుకుపోయే నాడె విసురుతూ 'టుక్', పోగును గట్టిగా గుద్దుతూ 'టేకెన్'.

"చెల్లే, కుదిరింది సూడు! మాటకు మూడు, మగ్గానికి మూడు!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ చలికాలమంతా మా మగ్గం ఇంగ్లీషే మాట్లాడింది. మాట తప్పు వస్తే అన్న చెయ్యి దానంతటదే ఆగేది. అవ్వ కూడా పొయ్యి ఊదుకుంటూ 'బ్రేక్, బ్రోక్, బ్రోకెన్' అనేది. నేనైతే అన్నకు ఖాకీ బట్టలు తొడిగేసి మనసులో మురిసిపోయాను.

పరీక్ష నాడు మధ్యాహ్నం అన్న ఎండన పడి నడిచొచ్చి గడపలో కూలబడ్డాడు.

"ఎట్ల రాసినవ్ అన్నా?" అన్నాను.

"రాయలే."

"అయ్యో, ఏమైంది?"

"పేపర్ మంచిగనే వచ్చింది చెల్లె. మనం సదివినయే. బెంచీ కింద కాలు ఆడించుకుంట మొదలువెట్టిన, చెయ్యి గూడ ఆడింది. సారు వచ్చి 'ఎవనికి సైగలు చేస్తానవ్? ఇంకోసారి కాలు కదిలితే బైటికి పంపుతా' అన్నడు. 'నేత పనోన్ని సార్, కాలు ఆడకపోతే మాట రాదు' అంటే అందరు నవ్విన్రు. ఇగ కాళ్లు రెండు మెలేసుకొని కూసున్న. ఒక్క మాట రాలే. ఒక్కటంటే ఒక్కటి రాలే."

ఆ సారు మీద నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నా కోపం ఎవరికి కావాలి?

అన్న లేచి గుంటలోకి దిగి, "చెప్పు" అన్నాడు.

"ఇప్పుడెందుకన్నా?"

"చెప్పుమంటాన గద!"

పుస్తకం తెరిచాను. నేను ఒకటి అంటే అన్న మూడూ అప్పజెప్పాడు, ఒక్కటీ తప్పకుండా, పుస్తకం అయిపోయేదాకా. చేతులు ఖాళీ లేక కారే కళ్లు తుడుచుకోలేదు. బట్ట నేత మాత్రం ఎక్కడా ఆగలేదు.

"అన్నీ వచ్చు గదనే నా కొడుక్కు," అంది అవ్వ నా వైపు చూస్తూ, పాసు చేసేది నేనే అయినట్టు.

ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి. అన్న తప్పాడు. కాజీపేటలో బొంబాయి రైలు ఎక్కించి వచ్చాం.

దసరాకు ఇంటికొచ్చినప్పుడు సగం మనిషయ్యాడు. కాస్త నవ్విద్దామని, అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని "టేక్" అన్నాను. అన్న కాలు కదల్లేదు.

"యాదికి లేవు చెల్లె," అన్నాడు. "గాడ మనం తొక్కేది ఏం లేదు. అంత మిషినే చేస్తది. మనం నిలవడి సూసుడే."

అంతలో దగ్గు వచ్చింది. నీళ్ల గ్లాసు అందించి చూస్తే, పొయ్యి దగ్గర అవ్వ రెండు చెవులూ మూసుకుని కూర్చుంది.