అరగని అంచు

సాక్సుల కంపెనీ యజమానురాలు మూడు ఉక్కుముక్కల్ని గుడ్డలో చుట్టుకొని లేత్ షెడ్డుకు వచ్చేసరికి లోపల అత్తా అల్లుడూ వాదించుకుంటున్నారు. అక్కడ అది మామూలే. షెడ్డు అత్తగారిది. కొలతలో అరమిల్లీ తేడా వచ్చినా ముక్కను పక్కన పడేసి మళ్ళీ మొదలెడుతుందని అందరూ ఆమెను అరమిల్లీ అత్తయ్య అనేవారు. అల్లుడు మూడేళ్ళ కిందట పనిలో చేరాడు. ఇంట్లో భోజనాల దగ్గర "అల్లుడు గారూ, ఇంకొంచెం వడ్డించుకోండి" అని మర్యాద చేసే మనిషే షెడ్డులో అడుగుపెట్టగానే "ఏయ్, ఆ ఆకురాయి ఇటివ్వు" అనేది.

"ఇవి మూడు మిషన్ల క్యాములు. అల్లే సూదుల్ని పైకి లేపేవి ఇవే" అంది యజమానురాలు గుడ్డ విప్పుతూ. "బాగా అరిగిపోయాయి. సాక్సులన్నీ చిల్లులే. ఈ మిషన్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్తవి చేయగలరా?"

"నాకు వదిలెయ్యండి అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

అతను క్యాములను కిరసనాయిల్లో కడిగాడు, అంచులు నున్నగా రుద్దాడు, ఒంపును ఇరవై చోట్ల కొలిచాడు. నాలుగు రోజుల్లో అద్దంలా మెరిసే కొత్త క్యామ్ తయారైంది. ఎంతో సంబరంగా తీసుకెళ్ళి బిగించాడు. మిషన్ అల్లింది. మడమ దగ్గర వరసగా అయిదు చిల్లులు!

యజమానురాలు సాక్సును అటూ ఇటూ తిప్పి చూసింది. కోప్పడలేదు. "సోమవారం తుక్కు కొనేవాళ్ళు వస్తామన్నారు. రమ్మంటాను ఇక" అంది మెల్లగా. మిషన్ల దగ్గరున్న ఇరవై ఆరుగురూ ఆ మాట విన్నారు.

అల్లుడు తల వేలాడేసుకొని వచ్చి జరిగింది చెప్పాడు. అత్తయ్య చేతులు తుడుచుకొని, "పద, చూద్దాం" అంది.

ఫ్యాక్టరీలో ఆమె మిషన్ ముందు పీట వేసుకొని చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పించింది. సూదులు ఒక్కొక్కటే లేచి దిగుతున్నాయి. ముందు వరస దారపు ఉచ్చులోంచి బయటపడాలంటే సూది ఇంకాస్త పైకి లేవాలి. లేవడం లేదు. అందుకే కుట్టు జారిపోతోంది.

"అరిగిన దాన్ని కొలిచి, అరిగినట్టే చేశావు" అంది.

"మరి అరగనిది ఎక్కడుంది అత్తయ్యా?"

"క్యామ్ మందంలో సగం మీదే సూది రాసుకుంటుంది. రాసుకోని వైపు సన్నగా గట్టులాంటిది మిగిలి ఉండాలే?"

అల్లుడి ముఖం పాలిపోయింది. "ఉంది. పెచ్చు లేచిందనుకొని మూడింటికీ గీకేశాను."

అసలు కొలత ఆ గట్టులోనే ఉంది. ఆమెకు తిట్టాలనిపించింది. కానీ ముక్క చేతికి రాగానే పెచ్చు తీసెయ్యమని అతనికి నేర్పింది తానే. ఆ సంగతి గుర్తొచ్చి నోరు కట్టేసుకుంది.

మిగిలిన ఎనిమిది మిషన్ల క్యాములూ విప్పించింది. అన్నీ నున్నగానే ఉన్నాయి. శుభ్రం చేసిన ప్రతిసారీ ఫ్యాక్టరీ ఫిట్టరు శ్రద్ధగా రుద్దేవాడట. ఎనిమిదో దాన్ని కూడా గోటితో గీసి చూసి, కింద పెట్టేసింది.

అప్పుడు ప్యాకింగ్ చేసే పిన్ని అంది: "అది కూడా చూడకూడదూ?"

"ఏది?"

"నా బల్ల."

పిన్ని అట్టపెట్టెలు తీసి, దుప్పటి లాగింది. కింద పన్నెండో మిషన్! మోటారు కాలిపోయి ఆగినప్పటి నుంచీ అదే ఆమె బల్ల. దాన్ని ఎవరూ విప్పలేదు, రుద్దలేదు.

తుప్పుపట్టిన మరలు ఊడటానికి రెండు గంటలు పట్టింది. క్యామ్ బయటికి రాగానే అత్తయ్య కళ్ళు మూసుకొని అంచు మీద గోటితో గీసింది. గోరు ఆగింది.

"ఉందిరా!" అని అరిచింది. అల్లుణ్ణి 'రా' అనడం ఆమెకు అదే మొదటిసారి. ఇద్దరూ పట్టించుకోలేదు.

గట్టు దారం మందమే ఉంది. ఆమె దానికొక్కదానికే సిరా పూసి, తెల్లకాగితం మీద ముద్ర వేసింది. ఒంపు సన్నగీతలా పడింది. అల్లుడు దాన్ని ఫోటో తీసి కంప్యూటర్లో పదింతలు పెద్దది చేసి, తాను చేసిన క్యామ్ గీతను పక్కన పెట్టాడు. కొస దగ్గర తేడా మిల్లీమీటరున్నర.

"మిల్లీమీటరున్నర!" అన్నాడు నమ్మలేనట్టు.

"నువ్వు దీన్ని కాగితం మీద పెట్టు, నేను ఉక్కు మీద పెడతాను" అంది.

ఉక్కు గట్టిపడాలని ఎర్రగా కాల్చి నూనెలో ముంచగానే మొదటి ముక్క టప్పున పగిలింది. రెండోదాన్ని మరీ ఎర్రగా కాలనివ్వకుండా కాచుకొని ముంచింది. నిలిచింది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని బిగించారు. సెలవైనా అందరూ వచ్చారు.

మిషన్ తిరిగింది. మడమ వచ్చింది, మడమ దాటింది, వేళ్ళ దాకా వచ్చింది. పిన్ని సాక్సును కత్తిరించి, పిడికిలికి తొడుక్కొని, కిటికీకి ఎదురుగా సాగదీసింది. వెలుతురు ఎక్కడా దూరలేదు.

"చిల్లు ఏదే?" అంది పక్కావిడ.

"నువ్వే వెతుక్కో!" అంది పిన్ని. హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఎవరో బాబిన్‌తో బల్ల మీద దరువెయ్యడం మొదలెట్టారు. యజమానురాలు కళ్ళు తుడుచుకొని, ఫోన్ తీసి తుక్కువాళ్ళను రావద్దంది. అల్లుడు రెండో సాక్సు దించాడు, మూడోది దించాడు. చిల్లు లేదు.

నెల తిరిగేసరికి, పన్నెండోదానికి కొత్త మోటారు కూడా పడి, పన్నెండు మిషన్లూ నడిచాయి. చివరి క్యామ్ బిగించాక అల్లుడు ఆ ఒంపును కొలతలన్నీ వేసి, ఇత్తడి రేకు మీద చెక్కి తెచ్చాడు. ఇంకో నలభై ఏళ్ళకు ఎవరికైనా అవసరమైతే వెతుక్కోనక్కర్లేదని.

"కింద మీ పేరు చెక్కనా అత్తయ్యా?"

ఆమె రేకును వెలుతురులో పట్టుకొని, ఒక్కో అంకే చదివింది. తప్పు దొరకలేదు.

"ఇద్దరిదీ చెక్కు. ముందు నీది."