చేపల్లేని వాగు

చల్లదనం ముందు తగులుతుంది. చప్పుడు తర్వాత వినిపిస్తుంది.

కొండమీద, బీచ్ అనే అడవి చెట్ల నీడలో మ్రజోవాత్స్ వాగు... మోకాలి లోతు నీళ్లు.

అందులో చేపలు పట్టడానికి తన చోటు ఎంచుకోవడానికి ముసలి విదోయెకి మూడేళ్లు పట్టింది. ఎగువన నురగ ఎక్కువ. దిగువన ఎండ ఎక్కువ. ఈ మలుపులో రాతి కింద ఊట ఉంది, మధ్యాహ్నం దాకా నీడ ఉంది. ఎర్రచుక్కల ట్రౌట్ చేప అక్కడ ఎదురునీటికి తలపెట్టి కదలకుండా నిలబడుతుంది.

తన నీడ నీళ్ల మీద పడకూడదని పాకుతూ వెళ్లేవాడు. అరవై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు చెక్కుకుపోయేలా!

ఆ చోటు పెళ్లాం స్తమెనకి కూడా చెప్పలేదు. ఆ ఊళ్లో ఎవరూ చెప్పరు. గాలం పట్టిన ప్రతివాడికీ ఒక చోటు — దాన్ని కప్పి పెట్టడానికి ఒక అబద్ధం. ఎవరడిగినా చేపల్లేవనడమే అక్కడి ఆనవాయితీ.

కిందటేడు మే నెలలో ఒక అమ్మాయి సర్వే కాగితాలు పట్టుకుని వచ్చింది. ఈ వాగులో చేపలున్నాయా అని అడిగింది. అతని సంచిలో, తడి ఆకుల మధ్య, రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"చేపలా? ఇక్కడెక్కడివమ్మా. కప్పలు కావాలంటే బోలెడు."

ఆమె రాసుకుంది. అతను సంతకం పెట్టాడు. ఇంటికెళ్లే దారంతా తనలో తనే నవ్వుకున్నాడు.

ఊళ్లో పదకొండు మంది సంతకం పెట్టారు. పదకొండు మందీ నవ్వుకున్నారు.

మంచు కరిగేసరికి గొట్టం వచ్చింది. నల్లది, మనిషి దూరేంత. కరెంటు కోసమట. ఎలాగూ చేపల్లేని వాగే కదా అన్నారు. అడ్డుగోడ కట్టి నీళ్లన్నీ అందులోకి మళ్లించారు.

మలుపులో రాళ్లు తేలాయి.

విదోయె ఆ రాళ్ల మీద కూర్చుని ఏడ్చాడు. దుఃఖం కన్నా సిగ్గే ఎక్కువ.

గోడకు ఎగువన కాస్త వాగు మిగిలింది. అక్కడ మళ్లీ చోటు వెతికాడు. ఊట ఉందా — చూశాడు. నీడ ఉందా — చూశాడు. ఆగస్టుకి ఒక చిన్న గుండం ఎంచుకున్నాడు. ఒకరోజు అందులో తోక కదలడం చూశాడు... చూశాననే అనుకున్నాడు.

సెప్టెంబరులో ఆ అమ్మాయే వచ్చింది. ఇంకా పైనుంచి రెండో గొట్టం వేస్తారట.

ఈసారి అడగకముందే నోరు విప్పాడు.

"చేపలున్నాయమ్మా. అప్పుడు నీతో అబద్ధమాడాను."

"ఇది అబద్ధం కాదని ఎలా నమ్మను తాతా? ఒక్కటి చూపించు, రాసుకుంటాను."

జీవితంలో మొదటిసారి తన చోటు ఒకరికి చూపించాడు. ఆమెను కూడా పాకించాడు. గాలం వేశాడు.

నీళ్లు కదిలాయి — ఆకు.

మళ్లీ వేశాడు. మళ్లీ.

కింద గోడ ఉంటే పైకి చేప ఎలా ఎక్కుతుంది? ఆ సంగతి అతనికి అప్పుడు తట్టింది. ఆమెకు మాత్రం చెప్పలేదు.

ఆమె మంచిదే, పాపం. నీడ ఆవలి గట్టుకు జరిగేదాకా ఓపిగ్గా కూర్చుంది. తర్వాత కలం మూత తీసింది. అతని మొహం చూసి ఆగింది.

"పోనీ, ఇంకొక్కసారి వెయ్యి తాతా."

వేశాడు. దారం నీళ్ల మీద తేలుతూ పోయింది... ఎక్కడా ఆగలేదు.