కుళాయి

మధ్యాహ్నం విడత దుప్పట్లు ఆరబెట్టే యంత్రంలోంచి సెగలు కక్కుతూ బయటపడేసరికి పెద్దక్క కాళ్ళు రెండూ దగ్గరగా బిగించుకుని నిలబడి ఉంది.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే షెడ్డు అది. ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని విదిలించి, ఒకరి వైపు ఒకరు నడిచి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి జరగాలి. పొద్దు గూకేదాకా అదే నడక. పెద్దక్కకు జోడీ ఆమె సొంత తోటికోడలే. ఊళ్ళో సేద్యం మునిగాక, "నన్నూ నీ వెంట తీసుకుపో అక్కా, నీ మాట జవదాటను" అని బతిమాలితే, పెద్దక్కే దేశం దాటించి తీసుకొచ్చి ఈ పనిలో పెట్టించింది.

షెడ్డు కొసన ఉన్న పాయిఖానాకు తాళం. తాళంచెవి సూపర్‌వైజరు జేబులో. హోటళ్ళు నిండిపోయే రోజులు మొదలయ్యాక, ఆడవాళ్ళు మాటిమాటికీ లేచిపోతుంటే పని సాగడం లేదని యజమాని వేయించిన తాళం అది. సూపర్‌వైజరు మన భాష మాట్లాడేవాడే. ఒకప్పుడు ఈ బల్లల దగ్గరే దుప్పట్లు మడిచినవాడే. పొద్దున్నించీ పెద్దక్క అతన్ని రెండుసార్లు అడిగింది. రెండోసారి తాళంచెవి చేతికిస్తూ, "ఏమ్మా, కాపురం అక్కడే పెట్టేశావా? అద్దె ఏమన్నా కడుతున్నావా?" అన్నాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. మూడోసారి అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

నీళ్ళు తాగకుండా ఉందామంటే ఉండలేకపోయింది. నాలుక అంగిటికి అంటుకుపోతుంటే అన్నాల వేళ సీసా ఎత్తి గటగటా తాగేసింది. ఇప్పుడు దుప్పటి విదిలించినప్పుడల్లా పొత్తికడుపులో సూదులు గుచ్చినట్టుగా ఉంది. ఇంకొక్కటి, ఈ ఒక్కటి మడిచాక అడుగుతాను అనుకుంటూనే కొసలు కలపడానికి ముందుకు నడిచింది. సరిగ్గా తోటికోడలి ఎదుటికి వచ్చేసరికి ఒళ్ళు ఆమె మాట వినలేదు.

వెచ్చగా కాళ్ళ వెంట జారింది. నల్లటి పైజామా, పైన మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ ఏప్రన్. బయటికి ఏమీ కనిపించలేదు. కనిపించింది నేల మీదే. ఇద్దరి పాదాల మధ్యా మడుగు.

"ఎవరిది?" అన్నాడు సూపర్‌వైజరు, బల్లల మధ్యనుంచి వస్తూ.

ఇద్దరూ ఒకే దుప్పటి పట్టుకుని ఉన్నారు. పెద్దక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ఆలోచించి వేసిన అడుగు కాదు, కాలే జరిగింది. మడుగులో తోటికోడలు ఒక్కతే మిగిలిపోయింది. ఆమె పెద్దక్క ముఖంలోకి చూసింది. పెద్దక్క దుప్పటి అంచు కేసి చూస్తూ ఉండిపోయింది.

"చిన్నపిల్లవా నువ్వు? సిగ్గు లేదా? తుడువు."

తోటికోడలు దుప్పటి కొసలు బల్ల మీద పెట్టేసింది. అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. సాయంత్రానికి ఆమెను మడత బల్ల దగ్గరనుంచి తీసేసి, మాసిన గుడ్డలు వేరుచేసే గదిలోకి తోశారు. వాంతులూ నెత్తురు మరకలూ ఉన్న దుప్పట్లు వచ్చిపడే గది అది. కిటికీ లేదు.

ఆ రాత్రి పనివాళ్ళ వసతిలో, తామిద్దరూ ఉండే గదిలో, తోటికోడలే ముందు మాట కలిపింది. "అక్కా, నీకు ఒంట్లో బాగాలేదా?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను" అంది పెద్దక్క, గోడవైపు తిరిగి పడుకుంటూ.

బాగాలేదని ఆమెకు తెలియక కాదు. షుగరు జబ్బు గురించి ఆ వసతిలో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. వలస వచ్చిన ఆడవాళ్ళకు షుగరు రాకుండా చూడాలని ఒక సంస్థ వాళ్ళు ఆదివారం ఆదివారం ఒక నర్సును పంపిస్తున్నారు. ఇక్కడి భాష బాగా వచ్చని పెద్దక్కను దుబాసీగా పెట్టుకున్నారు. "ఆరోగ్య అక్క" అని రాసిన ఆకుపచ్చ కోటు కూడా ఇచ్చారు. టీలో చక్కెర తగ్గించండి, అన్నం ఒక గరిటె తక్కువ పెట్టుకోండి, నడవండి అని నర్సు చెప్పినదల్లా పెద్దక్క మన మాటల్లో, మధ్యమధ్య నవ్విస్తూ చెప్పేది. తోటి ఆడవాళ్ళ వేళ్ళు పట్టుకుని సూది గుచ్చించేది. తన వేలు మాత్రం ఎప్పుడూ చాపలేదు. "ముందు మీరు కానివ్వండి, నేనెక్కడికి పోతాను?" అని తప్పించుకునేది. జబ్బంటూ బయటపడితే పనిలోంచి పంపించేస్తారని భయం. దానికంటే ఆ కోటు విప్పాల్సి వస్తుందన్న భయం ఇంకా పెద్దది. ఊళ్ళో ఎవరూ ఆమెను ఒక మాట అడిగి ఎరగరు. ఇక్కడ ఆమె మాట్లాడితే హాలంతా వింటోంది.

తెల్లారేసరికి తోటికోడలికి పేరు పెట్టేశారు. కుళాయి. స్నానాల దగ్గర, బస్సులో, అన్నాల వరసలో అదే మాట. "కుళాయి వస్తోంది, జరగండే, తడిసిపోతారు!" అంది వరసలో ఒకామె. అందరూ పగలబడి నవ్వి, పెద్దక్క ఏమంటుందోనని ఆమె వైపు చూశారు. తానొక్కతే ముఖం ముడుచుకుంటే అనుమానం వస్తుందనిపించింది. పెద్దక్క కూడా నవ్వింది.

ఆదివారం నర్సు వచ్చింది. మెత్తటి మనిషి, ఎవరినీ కసిరి ఎరగదు. వసతి హాల్లో బెంచీల మీద ఆడవాళ్ళు సర్దుకున్నారు. నర్సు ఒక మాట చెప్పి, చెప్పమన్నట్టు పెద్దక్క వైపు చూసింది.

"ఎక్కువగా దాహం వేసేవాళ్ళు... మాటిమాటికీ ఒంటేలుకు పోయేవాళ్ళు... ఆపుకోలేకపోతున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే, ముందు వాళ్ళు రమ్మంటోంది."

హాలంతా ఒక్కసారిగా ఒకే వైపు తిరిగింది. "లేవే కుళాయీ, నిన్నే!" అన్నారెవరో. నవ్వులు.

తోటికోడలు లేచింది. తల వంచుకోలేదు. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుని వేలు చాపింది. నర్సు సూది గుచ్చి, యంత్రం కేసి చూసి నవ్వింది. "ఏమీ లేదు. శుభ్రంగా ఉంది ఈ అమ్మాయికి. చెప్పు వాళ్ళకు."

చెప్పాల్సింది పెద్దక్కే. "ఏమీ లేదట" అంది. ఆ రెండు మాటలూ సన్నగా వచ్చాయి.

నవ్వులు ఆగిపోయాయి. "మరైతే ఆ రోజు..." అని ఎవరో అనబోయి మానేశారు. తోటికోడలు దూది వేలికి అదుముకుంటూ తన చోటికి వెళ్ళి కూర్చుంది. పెద్దక్క వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే, కోపంగా అయినా చూసి ఉంటే, బహుశా పెద్దక్క ఇంకో అబద్ధం వెతుక్కునేదే.

పెద్దక్క కోటు విప్పి బెంచీ మీద పెట్టింది. కుర్చీలో కూర్చుని వేలు చాపింది.

"ఆ రోజు నేల తడిపింది ఇది కాదు, నేను" అంది. "దాని చేత తుడిపించాను. అందరితోపాటు నేనూ నవ్వాను."

నవ్విన ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళ భాష తెలియని నర్సు ఒక్కతే మామూలుగా తన పని తాను చేసుకుపోయింది. అంకె చూశాక ఆమె ముఖం మారింది. "ఇంత ఉందేమిటి! రాకుండా ఆపడానికి మేం వస్తుంటే, నీకు ఎప్పుడో వచ్చేసింది. ఈ వారంలోనే ఆసుపత్రికి రావాలి. నీళ్ళు బాగా తాగు. వచ్చినప్పుడల్లా వెళ్ళు, అస్సలు ఆపుకోవద్దు. ఇది అందరికీ చెప్పు."

పెద్దక్క చెప్పింది. చెప్పి, నర్సు వైపు తిరిగి ఆమె భాషలో అడిగింది. "ఎక్కడికి వెళ్ళమంటారు? పనిచోట తలుపుకు తాళం వేసి ఉంటుంది."

నర్సు కాసేపు సూదుల పెట్టె మూత పెట్టడంలో మునిగిపోయింది. "ఆ సంగతి మా పనిలోకి రాదమ్మా. ఈ హాలు మీ యజమాని ఇచ్చాడు. ఆయన వద్దంటే ఈ ఆదివారాలు కూడా ఉండవు" అంది. చెప్తూ ఆమె కూడా సిగ్గుపడింది.

గదికి తిరిగి వెళ్ళాక పెద్దక్క తోటికోడలి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తుడవడం నాకేం కష్టం కాదక్కా. మన అత్తకు ఎన్నిసార్లు తుడవలేదు, నీకు తుడవనా? నువ్వు నన్ను అడిగి ఉంటే, నాదేనని నేనే చెప్పేదాన్ని." మంచం మీది దుప్పటి మడిచి పక్కన పెట్టింది. "నువ్వు నవ్వావు చూడు. అది పోవడం లేదు నాకు."

పెద్దక్క నిలువునా ఎండిపోయినట్టు మంచం అంచున కూర్చుండిపోయింది.

మర్నాడు షెడ్డులో యంత్రాలు మొదలవ్వగానే ఆమె సూపర్‌వైజరు దగ్గరికి నడిచింది.

"ఆ రోజు తప్పు నాది. దాన్ని బల్ల దగ్గరికి పిలిపించు. ఆ గదిలోకి నేను పోతాను."

అతను ఎగాదిగా చూశాడు. "నువ్వా! ఆరోగ్య అక్కవి! సరే, పో."

"పోతాను. ముందు తాళంచెవి ఇవ్వు."

"ఈ లోడు అవ్వనీ."

"ఇప్పుడే కావాలి. నాకు షుగరుంది. ఆపుకోవద్దని నర్సమ్మ చెప్పింది. ఇక ఆపుకోను. తలుపు తియ్యందే నేను పని ముట్టుకోను."

"పెద్దక్కా," అన్నాడతను గొంతు తగ్గించి, "నా మీద పడతావేంటి? తాళం వేసింది నేనా? ఈ తాళంచెవి ఇచ్చేస్తే రేపు యజమాని నన్నే ఆ గదిలోకి తోస్తాడు."

"అయితే పోయి ఆయన్నే పిలువు. నేనిక్కడే ఉంటాను."

అందరి కళ్ళూ తన నడుము కింది భాగం మీదే ఉన్నట్టనిపించి, పెద్దక్కకు చచ్చేంత సిగ్గుగా ఉంది. అయినా వెళ్ళి పాయిఖానా తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

ఆరబెట్టే యంత్రం గంట కొట్టింది. వేడి దుప్పట్లు ఒకదాని మీద ఒకటి తొట్టిలోకి జారిపడ్డాయి. తియ్యడానికి ఎవరూ వెళ్ళలేదు, వెళ్ళమని ఎవరూ అనలేదు. మాసిన గుడ్డల గది గుమ్మంలోకి తోటికోడలు వచ్చి నిలబడింది. రబ్బరు తొడుగులు ఇంకా చేతులకే ఉన్నాయి. పెద్దక్కను చూసి నవ్వలేదు, దగ్గరికి రాలేదు. లోపలికి వెళ్ళమని సూపర్‌వైజరు చెయ్యి ఊపాడు.

తోటికోడలు కదల్లేదు.