మేలిగింజల మర్యాద

నేను ఒక గొట్టాన్ని. మూరెడు పొడవు, ఒక కొస సూదిమొన, ఒక పక్క పొడవునా చీలిక. బస్తాలో గుచ్చి తిప్పితే నా కడుపులోకి గుప్పెడు గింజలు జారుతాయి. అంతే నా విద్య. లేతు మిషను మీద నన్ను చేసినవాడు మొనను సానబట్టి, తన బొటనవేలి మీదే గుచ్చి చూసుకుని, రక్తం కనిపించాక తృప్తిపడ్డాడు. పరీక్షించే వస్తువుకూ పరీక్ష తప్పలేదు.

మొదట నన్ను కొన్నది ఒక ధాన్యం వ్యాపారి. కొనేటప్పుడు బస్తా అడుగున గుచ్చేవాడు, అమ్మేటప్పుడు పైన గుచ్చి చూపేవాడు. రెండుసార్లూ నేను అబద్ధం చెప్పలేదు. రెండుసార్లూ నిజం మొత్తం చెప్పలేదు.

అతను పోయాక కదిరి దగ్గర ఒక వేరుశెనగ చిక్కీల కార్ఖానాకు చేరాను. అక్కడ గింజలనూ చిక్కీనీ పరీక్షించేది మెహరున్నీసా ఒక్కతే. గింజలకు పట్టిన బూజు వదిలే విషం కంటికి కనబడదు, వేయించినా పోదు. వేల గింజల నడుమ ఎక్కడో కొన్నిటిలోనే దాగి ఉంటుంది. అందుకని ఆమె తనకు నచ్చిన బస్తాను ఎంచుకునేది కాదు. వరసలో ప్రతి అయిదో బస్తానూ తీయించి, పైనా నడుమా అడుగునా గుచ్చమనేది. వచ్చినదంతా కలిపి పిండి చేసి, సగం పరీక్షకు పెట్టి, సగం సీలు వేసి దాచేది. తన కంటినే తాను నమ్మని ఆ మనిషంటే నాకు ఆరాధన.

గుచ్చే పని ఓబులేసుది. ముప్ఫై ఏళ్లు బస్తాలు మోసి నడుము పడిపోతే, మేనేజరు అతన్ని ఇంటికి పంపకుండా నన్ను చేతికిచ్చాడు. నాతోపాటు ఒక కుర్చీ కూడా. అందులో కూర్చున్న మొదటిరోజు అతను మీసం దువ్వుకున్నాడు.

ఒక మధ్యాహ్నం, తయారైన చిక్కీలో విషం హద్దు దాటినట్టు తేలింది. లోపలికొచ్చిన గింజలన్నీ మంచివేనని ఆమె రాసుకున్న పుస్తకమే చెబుతోంది. ఆ వారం చేసిన మిగతా చిక్కీ లారీకెక్కి గేటు దగ్గరుంది. ఆమె మొదట తన చేతుల్నే అనుమానించింది. మూడుసార్లు మళ్లీ చేసింది. అదే ఫలితం. లారీని ఆపాలో వదలాలో తేలక గోదాములోకి వచ్చింది.

సంచులు కుట్టే గంగులమ్మ నవ్వుతోంది. "ఏం ఓబులేసన్నా, గింజలకు పెండ్లిచూపులా? అంత తుడుస్తాండావు."

"మేడమ్ చేతికి పోయేటివి. పుచ్చులు ఎట్ల ఇస్తాం మే? ఇంటికొచ్చినోళ్లకు పాసిపోయిన సంగటి పెడతావా నువ్వు?"

మెహరున్నీసా ఆగిపోయింది. అతని ఒళ్లో ఏరిన పుచ్చులు దోసెడున్నాయి.

"చిక్కీలో విషం తేలిందన్నా. ఎన్ని దినాల నుంచి ఏరుతున్నావు ఓబులేసన్నా?"

ఆమె ముఖం చూశాక అతనికి తను చేసిందేమిటో అర్థమైంది. ఇవాళే ఏరానంటే కుర్చీ నిలుస్తుంది, లారీ కదులుతుంది. అతను నన్ను ఒళ్లోని పుచ్చుల పక్కన పెట్టాడు. అబద్ధం అల్లుకునే ముందు మనుషులు చాలా నిశ్శబ్దంగా ఉంటారని నేను వ్యాపారి దగ్గరే తెలుసుకున్నాను. నిజానికీ అంత నిశ్శబ్దం కావాలని ఆరోజు తెలిసింది.

"మొదటి దినం నుంచీ మేడమ్. అన్ని లోడ్లకూ."

లారీలోని సరుకు దించారు. సీలు వేసి దాచినవీ ఏరినవే గనుక అవి దేనికీ సాక్ష్యం కాలేదు. ఏ రోజు చేసిన చిక్కీని ఆ రోజుదిగా విడదీసి మళ్లీ పరీక్షించారు. నన్ను ఇంకెవరి చేతికైనా ఇద్దామన్నాడు మేనేజరు.

"వద్దు సార్. ఎట్ల గుచ్చాల్నో చెప్పినాను గానీ, ఎందుకో చెప్పలేదు నేను. తప్పు నాది కూడా," అంది మెహరున్నీసా. తర్వాత ఓబులేసు వైపు తిరిగింది. "నాకు మంచి గింజలు వద్దన్నా. పిల్లోళ్లు తినబోయే గింజలు కావాల."

మర్నాడు కొత్త లోడులో అతను నన్ను అడుగు వరసలోకి దించాడు. పళ్లెంలో ఒంపితే మన్నూ, తాలూ, ఒక నల్లబడ్డ గింజా. అతని వేళ్లు దాని దాకా వెళ్లి, తడబడి, వెనక్కొచ్చాయి. సర్దని ఇల్లు పరాయివాళ్లకు చూపించాల్సి వచ్చినవాడిలా తలవంచుకుని పళ్లెం ఆమె ముందుకు చాచాడు.

ఆమె రెండు చేతులతో అందుకుంది.