జోతిమణి ఫొటో కింది మాట

జోతిమణికి లిఫ్టంటే భయం, పోలీసంటే భయం, బ్యాంకులో తన టోకెన్ నంబరు పిలిచినా గుండె దడే. అలాంటి మనిషి ఫొటో కింద ఇంగ్లీషులో ‘కాన్ఫిడెంట్’ అని వేస్తే నవ్వు రాదా మరి? వచ్చింది. తమిళనాట పీలమేడులో చెల్లమ్మాళ్ గారింటి మేడమీది వరండాలో, ఒడిలో చిక్కుడుకాయల పళ్లెం పెట్టుకుని పడీపడీ నవ్వింది.

చెల్లమ్మాళ్‌కు ఆ నెలాఖరుకు ఎనభై నిండుతాయి. కొడుకు గోపాలరాజు మిల్లు నడిపే మనిషి, ఏదీ చిన్నగా చేసే రకం కాదు. పెద్ద హాలు మాట్లాడాడు. మనవరాలు వైష్ణవి అవ్వ జీవితమంతా ఫొటోలతో పుస్తకం వేయిస్తోంది. కథంతా తమిళంలో, ఫొటోల కింద మాటలు మాత్రం స్టైలుకి ఇంగ్లీషులో. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫును పొద్దున్నే అవ్వ చేతిలో పెట్టి, తప్పులుంటే దిద్దిపెట్టమని చెప్పింది.

జోతిమణి చదివింది తమిళంలో ఎనిమిదో క్లాసు. ఇరవై ఏళ్లకు పైగా అదే మిల్లులో వైండింగ్ సెక్షన్లో పనిచేసింది గనుక, నూలు కోన్ల మీది లేబుళ్ల పుణ్యమా అని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. అయినా అనుమానం తీరక ఆ పేజీని సెల్‌ఫోన్లో ఫొటో తీసి, తిరుప్పూరులో బనియన్ల కంపెనీ ఆఫీసులో ఉన్న కూతురు ఇలక్కియకు పంపింది. కాసేపటికి కూతురి వాయిస్ మెసేజ్ వచ్చింది.

“అమ్మా, అది కాన్ఫిడెంట్ కాదు మా. బాగా చూడు, ‘డి’ పక్కన ‘ఏ’ ఉండాది. ‘ఈ’ ఉంటేదాన్ తైరియం. ఇది కాన్ఫిడాంట్. అంటే మన రగసియాలంతా ఎవురి దగ్గర చెప్పుకుంటామో, ఆ మనిషి. నమ్మకమైన తోడు. నిన్ను బాగా తెలిసినోళ్లే రాసిండారు.”

జోతిమణి ఆ మాటలు రెండోసారి విన్నది. మూడోసారి వింటుంటే చిక్కుడుకాయలు కనబడలేదు, కళ్లల్లో అన్ని నీళ్లు. ఆ ఇంటి ఫొటోలన్నిటిలోనూ తను ఓ పక్కనే ఉంటుంది, చేతిలో పళ్లెంతోనో చంకలో ఎవరి బిడ్డతోనో, సగం భుజం తెగిపోయి. ఈ ఒక్క ఫొటోలో చెల్లమ్మాళ్ పక్కన నిండుగా కూర్చుంది. పైగా పేరు కింద అంత మాట. సంతోషంతో ఆ పేజీని కొంగుతో తుడిచి మళ్లీ చూసుకుంది.

ఆ సంతోషం పట్టుమని పావుగంట నిలవలేదు. వైష్ణవి మెట్లెక్కి వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

“జోతక్కా, ఆ రోజు మైకు నీ చేతికే! అవ్వ రగసియం ఒకటి చెప్పాల. ఆ మాట చూసినప్పటినుంచి ఇంట్లో అందురూ ఏం రగసియం, ఏం రగసియం అని అడగతా ఉండారు. ఒకటే ఒకటి, చిన్నది!”

పిల్ల దిగి వెళ్లిపోయింది. జోతిమణి మాత్రం ఒళ్లో పళ్లెం పక్కకు నెట్టేసింది. ఆమె దగ్గరున్న రహస్యం ఒకటే. అది చిన్నది కాదు.

చెల్లమ్మాళ్‌కు చదవడం రాదు. ఏ భాషలోనూ, ఒక్క అక్షరమూ రాదు. పొల్లాచ్చి పక్కన కొబ్బరితోటల్లో పెరిగిన పిల్ల, బడి గడప తొక్కలేదు. పెళ్లిమాటల్లో తండ్రి మాత్రం ఎనిమిది చదివిందని చెప్పేశాడు. ఆ ఎనిమిదిని ఆవిడ అరవై ఏళ్లుగా మోస్తోంది. భర్త నిజం తెలియకుండానే కన్నుమూశాడు. మిల్లులో పనిచేసే రోజుల్లో జోతిమణి తన పెళ్లి పత్రిక ఇవ్వడానికి ఈ ఇంటికి వచ్చింది. చెల్లమ్మాళ్ అందుకుని, తలకిందులుగా పట్టుకుని, “చానా బాగుండాది” అంది. ఇంకొకరైతే ఊరంతా చెప్పుకుని నవ్వేవారు. జోతిమణి, “తేదీ తప్పు పడిందేమో చూస్తానమ్మా” అని పత్రిక వెనక్కి తీసుకుని, సరిగ్గా తిప్పి, మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివింది. చెల్లమ్మాళ్ ఆమెను చాలాసేపు చూసింది. ఆ తర్వాతి వారమే సెలవురోజుల్లో ఇంటికి రమ్మని కబురు పెట్టింది.

అప్పటినుంచి పేపరు, ఉత్తరాలు, మందుల అట్టలు, అన్నీ జోతిమణి గొంతులోనే ఆవిడకు చేరాయి. మిల్లు పని మానేశాక రోజూ వస్తోంది. మేడమీద కూరలు తరుగుతూ మెల్లగా చదువుతుంది. కింద ఇంట్లోవాళ్లు, అమ్మ పాపం జోతికి రోజూ పేపరు చదివి వినిపిస్తుందని మెచ్చుకుంటూ ఉంటారు! నేర్పుతానని జోతిమణి ఎన్నిసార్లో అంది. పలక పట్టుకుంటే ఎవరైనా చూస్తారని చెల్లమ్మాళ్‌కు భయం.

స్నానం చేసి వచ్చిన చెల్లమ్మాళ్ కుర్చీలో కూర్చోగానే జోతిమణి ప్రూఫు ముందు పెట్టింది.

“అమ్మా, ఈ మాట తీసెయ్యండి.”

“ఏమిటికి మే? నేనే అడిగి వేయించినా. అన్నీ చెప్పుకునే మనిషిని ఇంగ్లీష్లో ఏమంటారని పేత్తిని, మన వైష్ణవిని అడిగితి. తోళి అంటే వట్టి స్నేహితురాలే, అది చాలదు నాకు.”

“మాట మంచిదే అమ్మా. దానికోసం ఇప్పుడుదాన్ ఏడ్చినా. అయితే రగసియం దాచే మనిషి అని అచ్చేసినాక, ఏం రగసియమని అడగరా? మైకు ఇస్తారంట. నాకు పొయ్ చెప్పను రాదు. అబద్దమాడితే నా మొగమే చెప్పేస్తాది.”

చెల్లమ్మాళ్ మొహం చిన్నబోయింది. “ఇన్ని సంవత్సరాలు నిన్ను ఫొటోల్లో ఓరంగా నిలబెట్టినాము. ఒక మాటైనా ఇస్తామనుకుంటి.”

“ఇచ్చినారు కదా. నేను చదువుకుంటి. నాకు అదే పోదుం, ఇంకేం వద్దు.” జోతిమణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఒక ఎళుత్తు మారిస్తే సరిపోతాది. ‘ఏ’ కొట్టేసి ‘ఈ’ పెడితే తైరియం గలదని అర్తం.”

“నీకా తైరియం?” అంది చెల్లమ్మాళ్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వి నవ్వి ఆయాసపడ్డారు. జోతిమణి పెన్ను తీసింది. చెల్లమ్మాళ్ చెయ్యి చాపింది.

“ఇటు తా. దిద్దమని నా చేతికి కదా ఇచ్చింది.”

జోతిమణి ఆశ్చర్యపోయినా, పక్కనున్న ఆనాటి పేపరు అంచున ఒక చిన్న ‘ఈ’ రాసి చూపించింది. “నడిమిలో అడ్డంగా గీత. అక్కడినుంచి పైకి పోయి, చుట్టి వచ్చి, మూసుకోకముందే నిలిపెయ్యాల. మీకు బియ్యప్పిండితో మురుక్కు చుట్టను నేర్పించాలా?”

చెల్లమ్మాళ్ ఆ పేపరు అంచంతా ‘ఈ’లు చుట్టింది. మొదటివి వంకరపోయాయి, ఒకటి బోర్లా పడింది. పదకొండోది కుదిరింది. అప్పుడు నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ప్రూఫులో అక్షరం కొట్టేసి, దాని నెత్తిన తన అక్షరం పెట్టింది. సాయంత్రం వైష్ణవి తిరగేసి చూడకుండానే స్కూటర్ మీద ప్రెస్సుకు పట్టుకుపోయింది.

పుట్టినరోజు పండగనాడు హాల్లో పుస్తకం తెరిచి గోపాలరాజు గయ్యిమన్నాడు. “కాన్ఫిడాంట్ అని కదా వెయ్యాల! ప్రెస్సువాళ్లకు బుద్ధుండాదా?” వైష్ణవి సంచిలోంచి ప్రూఫు తీసి, అందులో చేత్తో దిద్దిన ‘ఈ’ చూసి తెల్లబోయింది.

“ఎవురినీ తిట్టకప్పా. దిద్దింది నేనే,” అంది చెల్లమ్మాళ్. “జోతి తైరియం నాకు తెలుసు.”

“నీకు ఇంగ్లీష్ కూడా వచ్చునా అమ్మా?”

“ఎనిమిదో క్లాసు కదా,” అందావిడ, రెప్ప కొట్టకుండా.

గోపాలరాజు ఛాతీ పొంగిపోయింది. ఆ కాలపు ఎనిమిదో క్లాసంటే ఇప్పటి డిగ్రీకి సమానమని వచ్చినవాళ్లందరినీ ఆపి ఆపి చెప్పాడు. ఇక రహస్యం ఊసే ఎవరూ ఎత్తలేదు. పక్కనే నిలబడ్డ జోతిమణి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

చెల్లమ్మాళ్ ఆమెను చెయ్యి పట్టి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఫొటో కింది మాట మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే జరుపుకుంటూ వచ్చి ఆగింది. “ఇదే కదా మే నాది?”

“అదే అమ్మా.”

అంత పుస్తకంలో ఆవిడకు చదవడం వచ్చిన అక్షరం అదొక్కటే. చెల్లమ్మాళ్ పేజీ తిప్పింది. కళ్లద్దాలు సర్దుకుని ఇంకో ఫొటో కింద వెతికింది. వేలు చటుక్కున ఆగింది.

“ఇక్కడ ఇంకోటి ఉండాది, చూడు!”