మందుల గిడ్డంగి ముంగిట

నడినెత్తిన నిలిచిన గ్రీష్మభాస్కరుడు సాగరజలములను సలసల క్రాగించు మధ్యాహ్నవేళ, పూర్వము నానాదేశనౌకాసంకులమై దినదినమును కోలాహలించిన మకరపురి రేవు ఒక్క ఓడయైనను లేక శ్మశానమువలె నిశ్శబ్దమై యుండెను.

ఆఱుమాసములకు ముందు ఆ దేశాధిపతి మరుభూమిగర్భమున అణ్వస్త్రమును పరీక్షించి జయభేరి మ్రోయించెను. అందులకు కినిసిన పండ్రెండు దేశముల ప్రభుత్వములు ఏకమై వర్తకమును నిషేధించి తమ ఓడలను మరలించుకొనెను. మొదట నూనె, పిదప ధాన్యము, తుదకు ఔషధములును రాకపోయెను. మిగిలిన మందులను సైనికులకై రేవుగిడ్డంగిలో భద్రపఱచి, వసుపాలుడను దళపతిని కావలి నిలిపిరి. అస్త్రపరీక్షాదినమున వీథివీథిని మిఠాయి పంచి జయజయధ్వానములు సేసినవాడితడే.

ఆనాడు రెండువేల జనము గిడ్డంగిపైకి వచ్చెను. ముందు నడచుచున్నది అతని యక్క కువలయ. ఆమె యేడేండ్ల కూతురు మేధిని విషజ్వరపీడితయై ఆసుపత్రిలో పడియుండెను.

"తమ్ముడా, తలుపు తీయుము. పిల్ల రేపటికి దక్కదని వైద్యుడు చెప్పినాడు. ఒక్క సీసా చాలును."

"నీకిచ్చినచో అందఱికి నీయవలెను, అక్కా. నాకాజ్ఞ లేదు. ఇంటికి పొమ్ము."

"ఆజ్ఞ యిచ్చినవాని బిడ్డకు జ్వరము రాలేదు కాబోలు!"

అంతలో గుంపునుండి రివ్వున వచ్చిన యొక రాయి ప్రక్కనున్న భటుని కపాలమును చీల్చెను. ఆ వెచ్చని నెత్తురు మొగమున చిందగా వసుపాలుడు క్రోధాంధుడై, ఎదుట నిలిచినదెవ్వరో మఱచి, "కాల్చుడు!" అని గర్జించెను. ముప్పది తుపాకులు ఒక్కసారి మ్రోగెను. ముందువరుస కుప్పగూలెను. వెనుకవారు వెనుదీయక శవములను త్రొక్కుకొనుచు వచ్చి, భటులను ఇనుపకడ్డీలతో చావమోది, తలుపులు విఱుగగొట్టి, పెట్టెలకై యొకరినొకరు చీల్చుకొనిరి. పాదములక్రింద సీసాలు పగిలి మందును నెత్తురును కలసి మెట్లమీదుగా సముద్రములోనికి పాఱెను.

కుడిచేయి విఱిగిన వసుపాలుడు శవములనడుమ ప్రాకి యక్కను కనుగొనెను. గుండు కంఠమున దూరినది. కన్నులు తెఱచియే యున్నవి. అతడు ఆ కన్నులను మూసి, ప్రక్కనే చచ్చిపడినవాని పిడికిలినుండి పగులని సీసా నొకదానిని పెఱికికొని ఆసుపత్రికి పరుగెత్తెను.

మేధిని బ్రదికెను. మూడవనాడు కన్నులు తెఱచి, "మామా, అమ్మ యేది?" అని యడిగెను. అతడు ఎడమచేత ఆమె దుప్పటిని సవరించెను.

ఆ దినముననే పండ్రెండు దేశములు నిషేధమును పొడిగించెను. దేశాధిపతి రెండవ పరీక్షకు ముహూర్తము పెట్టించెను. ప్రభువుల పంతములు ప్రభువులను తాకక పసిబిడ్డల పాన్పులచెంతనే పరిసమాప్తి నొందుచుండును గదా! మేధిని మామ యెడమచేతిని లాగికొని చెంపక్రింద నుంచుకొని నిద్రించెను. జ్వరము విడిచిన ఆ చిన్నిచెక్కిలి చల్లదనము అతని యఱచేతిని నిప్పువలె కాల్చుచుండెను.