గజం ఎడమకు

జనవరి పంతొమ్మిది, మధ్యాహ్నం మూడున్నర. యూనివర్సిటీ మహిళల అంతర కళాశాలల ఫుట్‌బాల్ ఫైనల్ ఆడడానికి సింగారంపాడు డిగ్రీ కాలేజీ జట్టు మైదానంలోకి దిగింది. నేను ఒక ఫుట్‌బాల్‌ను. ఆ రోజు ఆడింది ఇరవై రెండు మంది, తన్నులు తిన్నది నేనొక్కదాన్నే.

జలంధర్‌లో పుట్టాను. ఒక ఇంటి వసారాలో ఒకామె నా ముప్పై రెండు ముక్కలను మైనం పూసిన దారంతో కుట్టింది. వేల బంతులు కుట్టిన ఆమె ఒక్కదాన్నీ తన్నలేదు. జూలైలో బొగ్గు గనుల ఊరు సింగారంపాడు చేరాను. కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడం వనజ నాకు గాలి కొట్టింది.

"ఇదొక్కటే ఉంది. ముళ్ళల్లకు తంతే మీరే పోయి తెచ్చుకోవాలె" అంది.

పదమూడు మంది అమ్మాయిలు తలూపారు. ఆ వారంలో మూడుసార్లు ముళ్ళలోకి పోయాను.

ఆ కాలేజీ గ్రౌండ్ ఎడమ నుంచి కుడికి వాలుగా ఉంటుంది. గోల్ పోస్టు ఒక వైపే ఉంది, కాబట్టి రోజూ అటే కొట్టేవారు. నేను దొర్లుతూ కుడికి జారేదాన్ని. అందుకని వాళ్ళు చూసిన చోటికి గజం ఎడమగా కొట్టడం నేర్చుకున్నారు. నేర్చుకున్న సంగతి వాళ్ళకు తెలియదు.

కెప్టెన్ గుగులోతు మంజులది బీఏ చివరి సంవత్సరం. వ్యాయామ విద్యలో బీపీఈడీ చదివి వనజలాగే పీడీ కావాలని ఆమె కోరిక. యూనివర్సిటీ జట్టుకు ఆడితే స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుంది.

"సెలెక్టర్లు ఫైనల్ ఒక్కటే చూస్తరు మంజులా. అందాక పోవాలె" అని వనజ ముందే చెప్పింది. ఆ కాలేజీ పదకొండేళ్ళుగా మొదటి మ్యాచ్ దాటలేదు.

నవంబరు నాలుగున ఖమ్మంలో మొదటి మ్యాచ్. గడ్డి నేల, చదును. మొదటి సగంలో మా వాళ్ళు ఎడమ పోస్టు చూసి ఏడు షాట్లు కొట్టారు. ఏడూ ఎడమ పోస్టు బయటి నుంచే పోయాయి.

విరామంలో గోల్‌కీపర్ ఇస్మత్ నీళ్ళు తాగుతూ అడిగింది: "మంజీ, ఆ పోస్టు పక్కన మీ సుట్టాలెవరన్న ఉన్నరా? అన్నీ అటే పంపుతున్నవ్."

వనజ పోస్టు వైపు చూసి, నన్ను చేతిలోకి తీసుకుని, చాలాసేపు తిప్పింది. తప్పు నాలో ఉందేమోనని ఆమె అనుమానం. తరువాత ఆమెకు వాలు గుర్తొచ్చింది.

"కాళ్ళను ఇప్పుడు మార్చలేం. కండ్లను మారుద్దాం. అందరూ కుడి పోస్టు చూసి కొట్టుండ్రి."

రెండో సగంలో మూడు గోల్స్ పడ్డాయి. అప్పటి నుంచి మా వాళ్ళు గోల్ ముందుకు రాగానే వెనక నుంచి ఇస్మత్ "కుడీ" అని అరిచేది. ఫైనల్ చేరేసరికి ఐదు మ్యాచ్‌లు, ఐదు గెలుపులు, పదిహేను గోల్స్. నన్ను తన్నినవాళ్ళే బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు.

ఫైనల్లో హనుమకొండ జట్టు ఎదురైంది. చెరో బంతి తెచ్చారు. రిఫరీ రెంటినీ నొక్కి చూసి నన్ను తీసుకున్నాడు. ఎనభై ఐదు నిమిషాలకు స్కోరు ఒకటి, ఒకటి. మరుసటి నిమిషంలో హనుమకొండ డిఫెండర్ చేతికి తగిలాను. పెనాల్టీ.

రిఫరీ నన్ను చుక్క మీద పెట్టాడు. మంజుల నాలుగడుగులు వెనక్కి నడిచింది. గీత అవతల నుంచి హనుమకొండ కోచ్ తన కీపర్‌కు చెప్పాడు: "వాళ్ళ ఆట నాలుగు మ్యాచ్‌లు చూసిన. కుడి పోస్టు చూస్తరు, బంతి గజం లోపలికొస్తది. ఆడనే నిలబడు."

కీపర్ మూడు గజాలు జరిగి సరిగ్గా ఆ చోట నిలబడింది. అటు చివర నుంచి ఇస్మత్ ఎప్పటిలాగే "కుడీ" అంది. వనజ చేతిలోని విజిల్ తాడు వేలికి ఐదు చుట్లు చుట్టుకుని ఉంది.

మంజుల కుడి పోస్టును చూడలేదు. కీపర్‌ను చూసింది. పరుగెత్తి వస్తున్నంతసేపూ ఆ కీపర్ జెర్సీ మీది ఒకటో నంబరునే చూసింది. కీపర్ ఆ చూపును నమ్మి, రెండు చేతులూ ఛాతీ ముందుకు తెచ్చి, కదలకుండా నిలబడింది.

కాలు తన అలవాటు ప్రకారం గజం ఎడమకు కొట్టింది. నేను కీపర్ మోచేతికి మూరెడు దూరంలో దాటి వలలో పడ్డాను. రెండు, ఒకటి. మిగిలిన నాలుగు నిమిషాలు మా వాళ్ళు నన్ను ఎటు వీలైతే అటు తన్నారు. గురి ఎవరికీ అక్కర్లేకపోయింది.

పదమూడు మందీ నా మీద సంతకాలు పెట్టి నన్ను ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో పెట్టారు. గౌరవం దక్కాక ఎవరూ ముట్టుకోలేదు. ఇరవై ఏడో తేదీ ఉదయం పదిన్నరకు వనజ ఆ గదిలోనే ఫోన్ చూస్తూ యూనివర్సిటీ జట్టు జాబితా చదివింది. బీరువాకు ఆనుకుని మంజుల నిలబడి ఉంది. పది పేర్లు అయ్యాయి.

"ఆగకుండ చదువుండ్రి మేడం" అంది మంజుల.

జాబితాలో పద్దెనిమిది పేర్లున్నాయి. పద్నాలుగోది గుగులోతు మంజుల.